వ్యాధుడు తగ్గెను, హింస తగ్గెనా?

నేడు పేట్ బషీరాబాద్ మొదలు శామీర్‌పేట వరకు వెదకినను వ్యాధుడు కానరాడు. దీనిని చూచి, కలియుగమునందును భూతదయ వర్ధిల్లుచున్నదని కొందరు పండితంమన్యులు సంతసించుచున్నారు. ఇది కేవలము భ్రమ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించి వేటను దాదాపు పూర్తిగా నిషేధించిరి. గుట్టలు, తుప్పలు గృహసముదాయములైనవి. జింకను చూడవలెనన్న శామీర్‌పేటలోని జవహర్ జింకల పార్కునకు పోవలయును. మృగమే లేనిచోట మృగయువు ఎట్లుండును?

మాంసభక్షణము మాత్రము తగ్గలేదు. ఆదివారము కోడిమాంసపు దుకాణముల ముందటి వరుసలే ప్రమాణము. మనుస్మృతి పంచమాధ్యాయము చంపువానినే గాక అనుమతించువానిని, కొనువానిని, వండువానిని, తినువానిని కూడ ఘాతకులుగనే లెక్కించినది. కనుక కొనితినువాడు వేటగానిని నిందించుటకు అర్హుడు కాడు. మిథిలలో మాంసము విక్రయించు ధర్మవ్యాధుని కడకు కౌశికుడను బ్రాహ్మణుడే ధర్మము నేర్వబోయెను గదా! (శ్రీకాళహస్తిలో తిన్నడు శివునకు సమర్పించినదియు వేటమాంసమే, అహింసావాదులకు అది ఏలనో గుర్తురాదు.)

అహోబిల నృసింహుడు చెంచులక్ష్మిని వరించెను. సంక్రాంతి వేళ మొదలగు పారువేటలో స్వామియే పల్లెలకు తరలును. ఆ చెంచుల చేతినుండి విల్లు జారినది, నల్లమలలో వారి జీవనోపాధి క్షీణించినది. అపార్ట్‌మెంటులో కూర్చుండి దానిని అహింసావిజయమని కీర్తించువారు, విల్లు విడిచిన ఆ గూడెములో నేడు పొయ్యి వెలిగినదో లేదో ఒక్కమారైన విచారించిరా?