రక్తంతో పాటు మందూ పోతుంది

ఇంట్లో ఎవరికైనా తుంటి ఎముక ఆపరేషన్ అనగానే రక్తం ఎవరిస్తారా అని పరుగులు పెడతాం. కారిపోయే రక్తంతో పాటు ఒంట్లోంచి మరొకటి కూడా పోతుందన్న ఆలోచన మాత్రం మనకు రాదు. అదే, కోతకు ముందు ఇచ్చే యాంటీబయాటిక్.

ఎముకల ఆపరేషన్లలో ఎక్కువగా వాడేది సెఫజోలిన్. కోత పెట్టే ముందు గంటలోపు నరానికి ఇస్తారు. పెద్దవాళ్లకు మామూలుగా 2 గ్రాములు. సూక్ష్మజీవి గాయంలోకి చేరేసరికి మందు అక్కడ కాపలా ఉండాలన్నమాట. రాడ్డు, ప్లేటు, కృత్రిమ కీలు వేసేచోట ఇది మరీ ముఖ్యం. లోహాన్ని అంటుకున్న సూక్ష్మజీవులు చుట్టూ జిగురు పొర కట్టుకున్నాయంటే ఓ పట్టాన మందులకు లొంగవు. ఒక్కోసారి వేసిన కీలునే తీసేయాల్సి వస్తుంది.

మందు ఉండేది రక్తంలోనే కదా! రక్తం కారితే కొంత దాంతోనే పోతుంది. బదులుగా ఎక్కించే సెలైన్, రక్తం మిగిలిన మందును పలుచన చేస్తాయి. మూత్రపిండాలు సరేసరి, సుమారు రెండు గంటల్లో సగం మందును బయటికి పంపేస్తాయి.

మరి ఎంత రక్తం పోతే ప్రమాదం? 1996లో వెన్నెముక ఆపరేషన్లను పరిశీలించిన అమెరికా వైద్యులు, రక్తనష్టం పెరిగినకొద్దీ కండరాల్లో మందు తగ్గుతోందని గమనించారు. అదే ఏడాది తుంటి కీలు మార్పిడి రోగుల రక్తాన్ని పరీక్షించిన మరో బృందం ఆ ప్రభావం స్వల్పమేనంది. కొద్దిగా పోతే కంగారక్కర్లేదు, ఎక్కువగా పోతేనే జాగ్రత్త పడాలని నాకు అర్థమైంది. 2013 నాటి అమెరికా మార్గదర్శకాలు చెప్పేదీ అదే. ఆపరేషన్ సాగుతుండగా 1500 మిల్లీలీటర్లకు మించి రక్తం పోయినా, మొదటి మోతాదు ఇచ్చి 4 గంటలు దాటినా సెఫజోలిన్ మళ్లీ ఇవ్వాలి.

ఇక్కడే నాకో సందేహం. 50 కిలోల స్త్రీ ఒంట్లో ఉండేదే సుమారు మూడుంబావు లీటర్ల రక్తం. ఆమెకు 1500 అంటే దాదాపు సగం! 80 కిలోల మగవాడికీ, ఆమెకూ ఒకే లెక్క సరిపోతుందా?

మనం మాత్రం ఆపరేషన్ అయ్యాక పది రోజులు మాత్రలు రాయించుకుంటేనే ధైర్యమనుకుంటాం. గాయం చీము పట్టకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే యాంటీబయాటిక్‌ను ఆపరేషన్ ముగిశాక కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. మందు పని థియేటర్ లోపలే.

కాబట్టి అడగాల్సిందేదో ముందే అడుగుదాం. "ఇంజక్షన్ ఎప్పుడిస్తారండీ? ఆపరేషన్ ఆలస్యమైనా, రక్తం ఎక్కువ పోయినా రెండోసారి ఇస్తారా?" అని సర్జన్‌నూ, మత్తు డాక్టర్‌నూ అడిగితే తప్పులేదు. పెన్సిలిన్ పడకపోయినా, మూత్రపిండాల జబ్బున్నా దాచకుండా చెప్పాలి. మందునూ, మోతాదు వేళనూ వాళ్లు దాన్నిబట్టే నిర్ణయిస్తారు. రక్తం కోసం పడే ఆరాటంలో కాస్తంత ఈ ప్రశ్నకూ మిగుల్చుకుందాం.