ఉలుకు సరే, పలుకేదీ?

ఇంగ్లీషులో 'రెస్పాన్సివ్' అని ఒక విశేషణం ఉంది. ఈ మధ్య దాని చెలామణీ జోరుగా సాగుతోంది. పాలన రెస్పాన్సివ్, బ్యాంకు రెస్పాన్సివ్, ఆఖరికి మందుకు లొంగిన రోగం కూడా రెస్పాన్సివే. మన అధికారులూ పత్రికలవారూ దాన్ని 'స్పందించే' అని తెలుగు చేసి చేతులు దులుపుకున్నారు. నా పేచీ అక్కడే.

స్పందనకు మూలమైన సంస్కృత ధాతువుకు పాణినీయ ధాతుపాఠం చెప్పే అర్థమేమిటో తెలుసాండీ? కొంచెం కదలడం. అంతే! నాడి కొట్టుకున్నా స్పందనే, కనురెప్ప అదిరినా స్పందనే. రెస్పాన్సివ్‌కు మూలమైన లాటిన్ క్రియలో ఉన్నది వేరు, ఎదుటివాడికి బదులు మాట ఇవ్వడం. చెవికి రెండూ చుట్టాల్లా వినిపిస్తాయి గానీ వరస కలవదు.

పండితుల గోల మాకెందుకంటారా? మా యాడికి రండి, చెబుతాను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే అనంతపురం జిల్లా మాది. వేరుశెనగకు ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే రైతు అర్జీ పట్టుకుని బయల్దేరతాడు. 2019లో రాష్ట్రంలో సోమవారపు అర్జీల కార్యక్రమానికి 'స్పందన' అనే పేరు పెట్టారు. 2023లో 'జగనన్నకు చెబుదాం' తోడైంది. 2024లో 'ప్రజా సమస్యల పరిష్కార వేదిక' వచ్చింది. బోర్డు మారినా ఆ మాట మాత్రం అందరి నోళ్లలో మిగిలిపోయింది.

'అర్జీ అందినది' అన్నా స్పందనే, 'పరిశీలనలో ఉన్నది' అన్నా స్పందనే. కాగితం కాస్త కదిలింది కదా! ధాతువు ప్రకారం ఎవరినీ తప్పు పట్టలేం. ఊడలప్పుడు రాని వాన కోతకు వచ్చి కట్టెను కుళ్లబెడితే, మేఘం స్పందించిందని సంతోషిస్తామా?

వాడుకలో మాటకు అర్థం పెరుగుతుందంటారు. నిజమే. కానీ ఇక్కడ పెరిగింది మాట గౌరవం, తగ్గింది పని.

'ఉలుకూ లేదు, పలుకూ లేదు' అని మన ఇళ్లల్లో రోజూ అనుకునేదే. ఉలుకు వేరు, పలుకు వేరు. ఉలకడానికి క్షణం చాలు. పలకడానికి పూచీ కావాలి: పని అవుతుందా, కాదా, ఎప్పుడు, ఎవరి చేత? కాదన్నా సరే, రైతు వేరే దారి చూసుకుంటాడు. అటూ ఇటూ తేల్చకపోతేనే చేను ఎండుతుంది.

పిలిస్తే పలికేవాణ్ణే మనవాళ్లు దేవుడన్నారు సుమండీ, ఉలిక్కిపడేవాణ్ణి కాదు.