సున్నాలో నిలబడి సరుకులు కొన్న రోజులు

ఈ శీర్షికలో మామూలుగా నేను వడ్డీ రేట్ల గురించో, నామినేషన్ ఫారాల గురించో, పెన్షనర్లు ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ గురించో రాస్తుంటాను. ఈసారి కందిపప్పు గురించి రాస్తున్నాను. పాఠకులు కంగారు పడనక్కరలేదు. బి.కాం. చదివినవాడికి కందిపప్పు కూడా వాణిజ్య శాస్త్రమే!

కారణం ఉంది. మొన్న మన సంఘం వాళ్లు కలిసినప్పుడు ఒక పదేళ్ల కుర్రవాడు, "కరోనా అప్పుడు మీరందరూ ఇంట్లో హాయిగా కూర్చున్నారట కదా అంకుల్?" అని అడిగాడు. కూర్చున్న మాట నిజమే. కానీ ఇంట్లో కూర్చున్న మనిషికి కూడా పూటపూటా ఆకలి వేస్తుంది. ఉప్పూ పప్పూ వాటంతట అవి నడిచి రావు. 2020లో వాటిని ఇంటికి చేర్చడానికి మనం పడిన పాట్లు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కొన్ని తలుచుకుంటే రాదు. మరిచిపోకముందే రెండు రకాలూ కాగితం మీద పెడదామనిపించింది.

తేదీలు ఒకసారి గుర్తు చేస్తాను. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. 24వ తేదీ సాయంత్రం 6 గంటల నుంచి తమిళనాడులో 144 సెక్షన్. అదే రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. మర్నాడు బుధవారం, శార్వరి నామ సంవత్సర ఉగాది. అంటే మన తెలుగువాళ్లకు కొత్త సంవత్సరం తలుపులు మూసుకునే మొదలైంది. మా పెరంబూరులో ఏటా పండుగ ముందురోజు రాత్రి పొద్దుపోయే దాకా వీధి మొగలో వేపపువ్వు, మామిడికాయలు, మామిడాకులు అమ్ముతారు. ఆ ఏడు సాయంత్రం ఆరు లోపల అంతా ముగియాలి. మామిడికాయ దొరికింది. వేపపువ్వు పక్కింటి చెట్టు ఇచ్చింది. బెల్లం మాత్రం మూడు కొట్లు తిరిగినా దొరకలేదు. చక్కెర వేసి కానిచ్చాం. ఆరు రుచుల్లో చేదుకు మాత్రం ఆ ఏడు కొరత రాలేదు.

మా వీధి వెచ్చాల కొట్టు ఒక అణ్ణాచ్చిది. చెన్నై పాఠకులకు చెప్పనక్కరలేదు కానీ బరంపురం, సోలాపూరు వైపు వాళ్ల కోసం చెబుతున్నాను. తిరునల్వేలి, తూత్తుకుడి వైపు నుంచి వచ్చి ఇక్కడ వీధివీధినా చిల్లర కొట్టు నడిపే ఆసామిని అందరూ అణ్ణాచ్చి అనే పిలుస్తారు. మా అణ్ణాచ్చి ప్రభుత్వం చెప్పినట్టే కొట్టు ముందు మీటరుకొకటి చొప్పున సున్నంతో సున్నాలు గీయించాడు. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టాడు. తాడుకు ఇవతల మనం, అవతల సరుకు. ఏప్రిల్ 5 నుంచి కొట్టు వేళలు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 1 దాకా అన్నారు.

రెండు రోజులు అందరం బుద్ధిగా సున్నాల్లో నిలబడ్డాం. మూడోరోజు ఎండ ముదిరింది. ఒకాయన తన సంచీని సున్నాలో పెట్టి, తాను ఎదుటి వేపచెట్టు నీడకు వెళ్లాడు. ఆయన్ని చూసి అందరం అదే పని చేశాం. చివరికి చూస్తే సంచులన్నీ మీటరు దూరం చక్కగా పాటిస్తున్నాయి, మనుషులం మాత్రం చెట్టు కింద ఒకరినొకరు రాసుకుంటూ నిలబడి కరోనా కబుర్లు చెప్పుకుంటున్నాం!

మాస్కుతో వచ్చిన తంటా వేరు. ఊపిరికి కళ్లజోడు మసకబారితే చీటీ కనబడదు. మాస్కు కిందికి లాగితే వెనకాలాయన అరుస్తాడు. లాగకుండా చెబితే తాడు అవతలికి మాట వినబడదు. కొట్లో కుర్రవాడికి మన తెలుగు అంతంత మాత్రం. "ఉలవలు అరకిలో" అని నేను గొంతు చించుకుంటే, "ఉళుందు" అనుకుని మినుములు కట్టాడు. మార్చుకుందామంటే, ఒకసారి చెయ్యి మారిన సరుకు తిరిగి పుచ్చుకోరాదని కొత్త నియమం. ఆ వారం మా ఇంట్లో ఉలవచారుకు బదులు మూడుసార్లు గారెలు. పిల్లలు మాత్రం నియమం బాగుందన్నారు. అరవంలో కడుగు అంటే ఆవాలు. ఆ వేసవిలో మా ఇంట్లో తెలుగు కడుగుడే ఎక్కువైంది. పాల ప్యాకెట్టు కడుగు, కూరగాయలు ఉప్పునీళ్లలో కడుగు, చేతులు కడుగు. పప్పు ప్యాకెట్లను బాల్కనీలో ఒకరోజు ఎండబెట్టి గానీ మా ఆవిడ లోపలికి రానిచ్చేది కాదు. వస్తువుల మీది నుంచి ఈ జబ్బు అంటే అవకాశం చాలా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లో తేల్చి చెప్పింది. అప్పటికి మా ఇంట్లో ఎంత ఉప్పు ఖర్చయిందో లెక్క నా దగ్గర ఉంది. మా ఆవిడకు ఇంకా చూపించలేదు.

అంత మాత్రాన నియమాలన్నీ దండగ అని నేను అనను. కోయంబేడు సంగతి చూడండి. జార్జిటౌనులో కన్యకా పరమేశ్వరీ దేవస్థానం వారి స్థలంలో తరతరాలుగా నడిచిన కొత్వాల్ చావడి మార్కెట్టు మన పెద్దవాళ్లందరికీ తెలుసు. ఇరుకు భరించలేక 1996లో ఆ వ్యాపారాన్ని కోయంబేడుకు మార్చారు. విశాలమైన ఆ మార్కెట్టు కూడా జనానికి చాలలేదు. ఏప్రిల్ 26 నుంచి 29 దాకా చెన్నైలో నాలుగు రోజులు పూర్తి లాక్‌డౌన్ అని 24న ప్రకటించారు. 25వ తేదీ శనివారం ఊరంతా సంచులతో రోడ్డెక్కింది. నాలుగు రోజుల దూరం కోసం ఒక్కరోజు తొక్కిసలాట! కొద్దిరోజులకే కోయంబేడులో కేసులు గుంపులుగా బయటపడ్డాయి. అక్కడి నుంచి కడలూరు, విళుప్పురం, అరియలూరు జిల్లాలకే కాదు, మన చిత్తూరు, నెల్లూరు దాకా పాకాయి. మే 5న మార్కెట్టు మూశారు. కూరగాయల టోకు వ్యాపారాన్ని తిరుమళిశైకి తరలించారు. మళ్లీ కోయంబేడులో కూరగాయల అంగళ్లు తెరిచింది సెప్టెంబరు 28న. కనుక దూరంగా నిలబడమన్న మాటలో తప్పులేదు. నా ఫిర్యాదు వేరే.

"వారానికి సరిపడా ఒకేసారి కొనుక్కోండి, ఊరికే బయటికి రావద్దు" అని రోజూ చెప్పేవారు. ఒకటో తేదీకి జీతం పడేవాడికి, ఇంట్లో ఫ్రిజ్ ఉన్నవాడికి అది మంచి సలహా. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చి, పది రూపాయల నూనె, పావుకిలో పప్పు కొనుక్కునే మనిషికి వారం సరుకు అనే మాటకే అర్థం లేదు. ఆ మనిషి రోజూ సున్నాలో నిలబడవలసిందే.

ఈ సంగతి నాకు తెలిసింది కొట్టు ముందు కాదు, బ్యాంకులో. ఏప్రిల్‌లో జనధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు కేంద్రం నెలకు 500 రూపాయలు చొప్పున మూడు నెలలు వేసింది. రద్దీ లేకుండా ఖాతా నంబరు చివరి అంకెను బట్టి తేదీలు పంచారు. 0, 1 వాళ్లకు ఏప్రిల్ 3న, 2, 3 వాళ్లకు 4న, అలా 8, 9 వాళ్లకు 9న. ఆ తరువాత ఎవరు ఎప్పుడైనా తీసుకోవచ్చు. లెక్కకు చక్కటి ఏర్పాటు. మా శాఖ ముందు కూడా సున్నాలే, అక్కడా తాడే. ఇళ్లలో పనిచేసే ఒకావిడ వరసలోంచి నన్ను పిలిచి, "సార్, మీరు పదింటికి తెరుస్తారు. అంగడి ఒంటిగంటకు మూస్తారు. ఈ వరస కదిలేసరికి ఒంటిగంట దాటుతుంది. డబ్బు చేతికొచ్చినా ఈ పూట నేనేం వండాలి?" అని అడిగింది.

మా సర్క్యులర్లలో దానికి జవాబు లేదు. జవాబు చెప్పింది మా సెక్యూరిటీ గార్డు. "వేళ రాసి టోకెన్ ఇద్దాం సార్. పదకొండుకు రమ్మంటే పదకొండుకు వస్తారు, ఈలోగా వెళ్లి కొట్టు దగ్గర సంచీ పెట్టుకుంటారు" అన్నాడు. మర్నాటి నుంచి అలాగే చేశాం. చిన్న పిల్లలున్న వాళ్లకు, ముసలివాళ్లకు మొదటి గంట ఇచ్చాం. పెద్ద ఘనకార్యం కాదు, పాత చలానాల వెనక వేళ రాయడమే. కానీ ఆవిడ ఆ రోజు అడగకపోతే మాకెవరికీ తట్టేది కాదు. నియమం రాసేవాళ్లకు ఒక వరసే కనబడుతుంది. పేదవాడు ఒకేరోజు రెండు మూడు వరసల్లో నిలబడాలి. రేషన్ కొట్లో ప్రభుత్వం ఇచ్చిన వెయ్యి రూపాయలకూ ఉచిత బియ్యానికీ మరో టోకెను, మరో వరస.

ఇక మా అణ్ణాచ్చి. మార్చి 27న రిజర్వు బ్యాంకు రుణ వాయిదాలకు మూడు నెలల మారటోరియం ప్రకటించింది. మే 22న దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. మా అణ్ణాచ్చి ఏ సర్క్యులరూ లేకుండానే తన ఎర్ర అట్ట పద్దు పుస్తకంలో వీధి మొత్తానికి మారటోరియం ఇచ్చాడు. ఆటో డ్రైవర్లు, ఇస్త్రీ బండి అతను, ప్రైవేటు స్కూలు టీచరమ్మ, ఎవరికీ సరుకు లేదనలేదు. బ్యాంకు మారటోరియంలో వడ్డీ మీద వడ్డీ పడిందని కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. అణ్ణాచ్చి పుస్తకంలో అసలు వడ్డీ గడే లేదు. అతనికి సరుకిచ్చే టోకు వర్తకుడు మాత్రం ఆ రోజుల్లో రొక్కం చేతిలో పెడితే గానీ బస్తా దింపేవాడు కాదు. నేను వృత్తిరీత్యా, "ఇదెలా నడుస్తుంది అణ్ణాచ్చీ?" అని అడిగాను. "సార్, వాళ్లు ఈ వీధిలోనే ఉంటారు, నేనూ ఈ వీధిలోనే ఉంటాను. ఎక్కడికి పోతారు?" అన్నాడు. మా రుణ దరఖాస్తులో ఇరవై ప్రశ్నలుంటాయి. ఈ ఒక్కటీ ఉండదు.

అదే రోజుల్లో ఫోనులో సరుకులు తెప్పించుకునే పద్ధతి ఊపందుకుంది. మా పైవాటాలో ఎనభై దాటిన దంపతులున్నారు, పిల్లలు విదేశంలో. వాళ్లబ్బాయి అక్కడి నుంచి రాత్రుళ్లు మేలుకొని స్లాటు కోసం ప్రయత్నించేవాడు. దొరికిన రోజున పదహారు వస్తువులు అడిగితే తొమ్మిది వచ్చేవి, అందులో బియ్యం ఉండేది కాదు. చివరికి వాళ్లకు బియ్యం అందించింది అణ్ణాచ్చి కుర్రవాడే. జూన్ 19 నుంచి 30 దాకా మళ్లీ కట్టుదిట్టం చేసి, రెండు కిలోమీటర్ల లోపలే, బండి తీయకుండా నడిచి వెళ్లి కొనుక్కోవాలన్నారు. పాతిక కిలోల బస్తాను భుజాన వేసుకుని అతను మూడంతస్తులు ఎక్కి, గుమ్మం ముందు దింపి, ఆరు మెట్లు దిగి నిలబడి బెల్లు కొట్టమని నన్ను కేకేసేవాడు. బస్తా మోసినవాడే దూరం కూడా పాటించాలి మరి!

అన్నిటికన్నా నన్ను బాధించిన నియమం "ముట్టుకోవద్దు" అన్నది. 65 దాటినవాళ్లు ఇంట్లోనే ఉండాలన్నారు. మా అమ్మకు అప్పటికి 78. రోజూ పొద్దున్నే కూరగాయల బండి దగ్గరికి వెళ్లి బెండకాయ కొన విరిచి చూడటం, వంకాయ తొడిమ పరీక్షించడం, రూపాయి తగ్గించమనడం, కొసరు కొత్తిమీర అడగడం, ఇది ఆవిడ దినచర్య. బండివాడు ఆవిడకు కష్టసుఖాలు చెప్పుకునేవాడు. లాక్‌డౌన్‌లో కూరగాయలు కట్టలు కట్టి సంచిలో వచ్చేవి. నేను తెచ్చిన బెండకాయలు చూసి ఆవిడ ఒక్క మాటా అనేది కాదు. ఒక్కొక్కటే తీసి కొన విరిచి చూసి, ముదురువి పక్కన పెట్టేది. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

నియమాలు సడలాయి. రెండో ఉప్పెన వచ్చి పోయింది. టీకాలు వేయించుకున్నాం. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. ఆవిడను రమ్మంటే, "మీరు తెస్తున్నారుగా నాయనా" అంటుంది. మోకాళ్లు బిగుసుకుపోయాయి. డాక్టరుగారు వయసు అన్నారు. రెండేళ్లు నడవకపోవడం కూడా అందులో ఉందని నా అనుమానం. జబ్బు మా ఇంటి నుంచి మనిషిని తీసుకుపోలేదు, అది మా అదృష్టం. అమ్మ నుంచి ఆ పొద్దుటి అరగంటను మాత్రం తీసుకుపోయింది.

అందుకని ఈసారి వడ్డీ లెక్కల బదులు రెండు మనవులు చేస్తున్నాను. మీ వీధి కొట్లో ఆనాటి బాకీ ఏదైనా మిగిలి ఉంటే వెళ్లి తీర్చేయండి. అతను అడగడు. నెల సరుకులు ఎక్కడ తెప్పించుకున్నా సరే, ఉప్పో పప్పో అక్కడ కూడా కొంటూ ఉండండి. రెండోది, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆదివారం ఒక్క పూట మెల్లిగా చెయ్యి పట్టుకుని కూరగాయల బండి దాకా తీసుకెళ్లండి. తొందర పెట్టకండి. మేము గత రెండు నెలలుగా మొదలుపెట్టాం. మెట్లు దిగడానికే పది నిమిషాలు. బండివాడు కొత్తవాడు, ఈవిడ ఎవరో తెలియదు. పోయిన ఆదివారం అమ్మ ఒక బెండకాయ కొన విరిచేసరికి, "అమ్మా, విరవకూడదు" అన్నాడు. "విరవకపోతే నీ కాయ లేతదని నాకెట్లా తెలుస్తుంది నాయనా?" అని ఆవిడ అరకిలోకు బదులు కిలో కొని, రెండు రూపాయలు తగ్గించి, కొసరుగా కొత్తిమీర తీసుకుంది.

వచ్చే సంచికలో లాకర్ల కొత్త ఒప్పంద పత్రాల గురించి రాస్తాను. సెలవు.