ట్యాంకు ఎప్పుడూ ట్యాంకేనా?

కంప్యూటర్ ఆట పేరు చూసి వార్డెన్ మేడమ్ కోప్పడొద్దు, చివరిదాకా చదవాలని మనవి.

దసరా సెలవుల్లో ఎల్బీ నగర్‌లో మా అన్న రూముకు పోయిన. అక్కడ మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్. అక్కడే వాళ్ల కోచింగ్. రూములో ఒకన్న వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడతడు. 2004లో వచ్చిన ఆట అది. ఎక్కడెక్కడి మనుషులో ఇంటర్నెట్‌లో కలిసి ఆడతరు. రాక్షసులుండే గుహలోకి ఐదుగురు పోవాలి. ఒకరు ట్యాంకు, అంటే ముందు నిలబడి దెబ్బలు తినేటోడు. ఒకరు హీలర్, గాయాలు మాన్పాలి. మిగిలిన ముగ్గురు కొట్టాలి. రాక్షసికి ఎవరి మీద ఎక్కువ కోపమొస్తే వాళ్లనే కొడుతదంట. ట్యాంకు దాన్ని రెచ్చగొట్టి తన వైపు తిప్పుకుంటడు. అందుకే ఈ పంపకం.

పంపకం తప్పని నేను అనను. మా ఊర్ల నాట్లప్పుడు కూడా నారు పీకేటోళ్లు వేరే, నాటేటోళ్లు వేరే. కానీ నడుము నొస్తే మారుతరు కదా! నేనూ ఆడతా అంటే ఆ అన్న, "చెల్లే, నువ్వు హీలర్ తీసుకో" అన్నడు. ఎందుకన్నా అని అడిగితే నవ్విండు. ఆడపిల్ల అంటే మందు పూసేదేనా?

ఈ పంపకం వద్దని 2012లో గిల్డ్ వార్స్ 2 అనే ఆట తెచ్చిన్రు. అందులో ప్రతి ఒక్కరూ తమ గాయం తామే మాన్పుకోవచ్చు, పడిపోయినోళ్లను ఎవరైనా లేపొచ్చు. వినడానికి మస్తుగుంది. కానీ 2015లో పెద్ద పెద్ద రాక్షసులను పెట్టినంక మళ్లీ హీలర్లు, ట్యాంకులు కావాల్సి వచ్చింది. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆటలో ఇంకో పద్ధతి. పనులు అట్లనే ఉంటయి, కానీ ఆయుధం మారిస్తే అదే మనిషి పని మారుతది. ఇయ్యాల ట్యాంకు, రేపు హీలర్. ప్రతి పనీ మొదటి నుంచి నేర్చుకోవాలి, ఊరికే రాదు. నాకు ఇదే న్యాయం అనిపిస్తది. పని ఉండాలె, మనిషిని దానికి కట్టేయొద్దు.

ఇప్పుడు మన హాస్టల్ చూడండి. కబడ్డీలో సన్నగున్నోళ్లే కూతకు పోవాలి, లావుగున్నోళ్లు కార్నర్‌లో ఉండాలి. ఆరో తరగతిలో ఎక్కడ నిలబెట్టిన్రో తొమ్మిదిలో కూడా అక్కడే. ఖోఖో నయం. ఒక టర్న్‌లో కూర్చొని తరిమినోళ్లే ఇంకో టర్న్‌లో ఉరకాలి. రెండూ రాకపోతే ఆ ఆటే లేదు.

ఆటే కాదు. ఐదో తరగతి పిల్లలు కొత్తగా వచ్చి ఏడిస్తే, గోండి వచ్చు కాబట్టి నన్నే పిలుస్తరు. నాకు ఇష్టమే, చిన్నపిల్లలు పాపం. కానీ సైన్స్ ఫెయిర్‌లో మాట్లాడేటందుకు నన్ను ఒక్కసారీ పిలవలే. చార్టు పట్టుకొని నిలబడమంటరు. మా అమ్మనాయనలకు చదువు రాదు, నేను మాట్లాడితే తప్పులొస్తయని అనుకుంటరేమో. తప్పులు రాకుండా మాట్లాడుడు ఎవరికి పుట్టంగనే వచ్చింది?

పీఈటీ మేడమ్ గారూ, జోనల్ పోటీల్లో మార్చమని అడుగుతలేను, ఓడిపోతే అందరం ఏడుస్తం. ఆదివారం ఆటలో మార్చండి. కార్నర్‌లో ఉండే ముగ్గురం కూతకు పోతమని చెప్పుకున్నం. సైన్స్ మేడమ్ గారూ, ఈసారి చార్టు ఎవరితోనైనా పట్టించండి, నేను నీటి వడపోత గురించి చెప్త. రాసుకొని పెట్టిన.