వెనుక బొమ్మకు ముందు వరస

ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడో చూద్దామని ఈ వారం ఒక కాలేజీ వెబ్‌సైట్ తెరిచాను. ముందు తెల్లటి తెర. కాసేపటికి పైనుంచి ముక్కలు ముక్కలుగా కాలేజీ భవనం దిగింది, డ్రోన్‌తో తీసిన ఫొటో. దానిమీద నల్లటి పొర, పొరమీద తెల్లటి అక్షరాల్లో 'స్వాగతం'. ఆ స్వాగతం ఖరీదు నాలుగు ఎంబీలు. డేటా మాత్రం నాది.

నాలుగు ఎంబీలు కూడా ఓ లెక్కేనా అంటారేమో. లెక్కే. చాలా ప్రీపెయిడ్ ప్యాకుల్లో రోజు కోటా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు ఎనిమిది కేబీలు. ఆ లెక్కన ఈ ఒక్క బొమ్మకే ఎనిమిది నిమిషాలు పైన పడుతుంది. కోటా అయిపోయే సాయంత్రం పూటే పిల్లలు అప్లికేషన్ల మీద కూర్చుంటారు.

పోనీ అంత బరువుకు తగ్గ అందమైనా ఉందా? అక్షరాలు కనబడాలని డిజైనరే ఫొటోను నల్లపొరతో కప్పేశాడు. బురఖా కింద మేకప్ ఎంత ఖరీదైనదైతే ఏం? ఆ పొర కింద జేపెగ్ నాణ్యతను సగానికి తగ్గించినా కనిపెట్టేవాడు లేడు. ఫోన్ తెర వెడల్పు మహా అయితే వెయ్యి చిల్లర పిక్సెళ్లు. ఆ సైజుకు కుదించి వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే నూటయాభై కేబీల్లో పని ముగుస్తుంది. వెబ్‌పీ నిన్నమొన్నటిది కాదు, గూగుల్ 2010లోనే తెచ్చింది. పైగా ఫైలును ఎంత నొక్కినా పిక్సెళ్లు తగ్గించకపోతే లాభం సగమే: 4000 బై 3000 బొమ్మ విప్పుకుంటే ఫోన్ మెమరీలో 48 ఎంబీలు ఆక్రమిస్తుంది. చవక ఫోన్లు వేడెక్కవా మరి!

1995లో నెట్‌స్కేప్ 1.1 బ్రౌజర్ వెబ్ పేజీకి వెనుక బొమ్మ పెట్టే వీలు తెచ్చింది. మోడెములు కుయ్యోమొర్రోమనే ఆ కాలంలో జనం చిన్న గళ్ల ముక్క ఒకటి పెట్టి దాన్నే పేజీ అంతా పరిచేవారు. కొన్ని కేబీలతో సరి. ఇప్పుడు పేజీ రూపం దిద్దే సీఎస్ఎస్‌లో ఒక్క లైను రంగుల గ్రేడియెంట్ రాస్తే బొమ్మే అక్కర్లేదు. రాయరు.

ఎందుకు రాయరని వెబ్‌సైట్లు కట్టే ఒక కుర్రాణ్ని అడిగాను. "ఆఫీసు వైఫైలో, పెద్ద మానిటర్ మీద ఛైర్మన్ గారికి బాగా కనబడాలి సార్. అప్పుడే బిల్లు పాసయ్యేది" అన్నాడు. వేగం కొలిచే గూగుల్ పద్ధతి కూడా వాళ్ల వైపే ఉంది. పేజీలో అతి పెద్ద భాగం రెండున్నర సెకన్లలో కనబడాలంటుంది గానీ, తెరంతా పరుచుకున్న బొమ్మను నేపథ్యం కిందికి తోసి లెక్కలోకి తీసుకోదు. మార్కులు వాళ్లకు, డేటా ఖర్చు మనకు.

ఇక నా పాతపగ, జరుగుడు బ్యానర్. రిబ్బన్ కత్తిరింపు, జ్యోతి ప్రజ్వలన, శాలువా, మళ్లీ శాలువా. మూడో శాలువా దాకా ఆగి చూసినవాణ్ని నేనింతవరకు ఎరగను. కానీ చాలాచోట్ల అయిదు ఫొటోలూ మొదట్లోనే దిగిపోతాయి. చూడని శాలువాకు కూడా మనమే డబ్బు కట్టాలి.

అసలు మంట ఇంకోటుంది. అలంకారానికి ఇంత పిక్సెళ్ల భోగమా, చదవాల్సిన నోటీసేమో వంకరగా పడిన స్కాన్ కాపీ! తేదీ మీద సరిగ్గా రబ్బరు స్టాంపు. ప్రభుత్వ ఆఫీసుల ఉత్తర్వులదీ ఇదే తంతు. అది అక్షరం కాదు, అక్షరం ఫొటో. వెతికితే దొరకదు, చూపులేనివారి ఫోన్ దాన్ని నేరుగా చదవలేదు. వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. తెలుగు లిపి 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే ఉంది. అయినా యూనికోడ్ కాని పాత ఫాంటులో కొట్టి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి ఎక్కిస్తున్నారు. టైపు చేసిన అసలు ఫైలు ఆ కంప్యూటర్లోనే పడి ఉంటుంది. దాన్నే యూనికోడ్‌లోకి మార్చి పెట్టడానికి ఎవరి అనుమతి కావాలో చెబితే, అర్జీ నేను పెట్టుకుంటాను. స్కాన్ చేసైనా సరే.