కంప్యూటరు చెప్పే కబురు పారేయొద్దు

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తాయి. పాసు పుస్తకాలు, మార్కుల జాబితాలు, పెళ్లి ఫొటోలు బీరువాల్లోనే తడిసి ముద్దయ్యాయి. ఇప్పుడు అలాంటి కాగితాలన్నీ స్కానై కంప్యూటర్లలోకి చేరుతున్నాయి. మంచిదే. అయితే వాటికి రెండో కాపీ నిజంగా ఉందో లేదో ఇంట్లోవాళ్లకు తెలియాలి కదా!

లినక్సు వాడే ఇళ్లలో ఈ పనిని సాధారణంగా క్రాన్‌కు అప్పగిస్తారు. రాత్రి చెప్పిన వేళకు అది కాపీలు తీసే ఆర్‌సింక్‌ను నడిపి ఫైళ్లను బయటి హార్డ్‌డిస్కుకు ఎక్కిస్తుంది. డిస్కు నిండిపోతే కాపీ మధ్యలోనే ఆగుతుంది. ఆ సంగతిని యజమానికి మెయిల్ చేయాలని క్రాన్ చూస్తుంది. కానీ ఉబుంటు డెస్క్‌టాప్‌లో మెయిల్ చేరవేసే ప్రోగ్రామ్ (ఎంటీఏ) ముందుగా ఉండదు. అందుకే సిస్టమ్ లాగ్‌లో ‘నో ఎంటీఏ ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్’ అని ఒక్క లైను రాసి, అసలు సందేశాన్ని పారేస్తుంది. పొద్దున లేచి లాగ్ తిరగేసేవాళ్లు ఎందరు?

మరో లినక్సు రకమైన ఫెడోరా కూడా 2013లో వచ్చిన 20వ వెర్షన్ నుంచి, మెయిల్ చేరవేసే సెండ్‌మెయిల్‌ను ముందుగా ఇవ్వడం మానేసింది. ఇంటి కంప్యూటరుకు మెయిల్ సర్వర్ ఎందుకన్నది వాదన. ఊరూవాడా ఉత్తరాలు పంపే సర్వర్ నిజంగానే అక్కర్లేదు. ఒకే యంత్రం లోపల చేరే మెయిల్ సంగతి వేరు. 1965లో అమెరికాలోని ఎంఐటీలో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ రాసిన మెయిల్ కమాండ్ చేసింది ఆ పనే. నెట్‌వర్క్ మెయిల్ 1971లో గానీ రాలేదు. అందుకే నెట్ పోయినా యంత్రం లోపలి కబురు ఆగదు.

చేయాల్సింది కొంచెమే. మెయిల్ చేరవేసే పోస్ట్‌ఫిక్స్, దాన్ని చదివే మెయిల్‌యుటిల్స్ ఇన్‌స్టాల్ చేసి, అడిగినప్పుడు ‘లోకల్ ఓన్లీ’ ఎంచుకోవాలి. అప్పుడది బయటి నెట్‌వర్క్ నుంచి ఏదీ తీసుకోదు. ఎట్సీ ఫోల్డరులోని ఎలియాసెస్ ఫైల్లో రూట్ (నిర్వాహకుడి ఖాతా) ఎదురుగా వాడుకరి పేరు రాసి, న్యూఎలియాసెస్ కమాండ్ ఇవ్వాలి. డిస్కు ఆరోగ్యాన్ని కనిపెట్టే స్మార్ట్‌డీ రూట్‌కు పంపే హెచ్చరికలూ వాడుకరికే చేరతాయి. టెర్మినల్లో మెయిల్ అని కొడితే అన్నీ కనబడతాయి.

ఈ అలవాటు చదువుకునే చోటే మొదలవ్వాలి. కడప జిల్లా ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. కర్నూలులో ట్రిపుల్ ఐటీ డీఎం 2015లో మొదలైంది. ఈ రెండుచోట్లా లినక్సు ల్యాబ్ తొలి పాఠాల్లోనే దీనికి చోటివ్వాలి. చిన్న పెన్‌డ్రైవ్‌ను కావాలని నింపి, క్రాన్ కాపీ ఆగేలా చేసి, ఆ ఎర్రర్ మెయిల్‌బాక్సులో పడేదాకా విద్యార్థి చేతే చేయించాలి. సంక్రాంతి సెలవులకు ఊరెళ్లినప్పుడు సొంత ఇంట్లో, చుట్టాల ఇళ్లలో ఉన్న లినక్సు కంప్యూటర్లకూ ఇదే పరీక్ష పెట్టి రమ్మనాలి.