సర్కారు వకీలు ఎవరి వకీలు?

మనోణ్ణి చంపితే, మన ఆడబిడ్డను చెరిస్తే, డీకేటీ పట్టా భూమిలోంచి మనల్ని తరిమితే కేసు అవుతుంది. అయితే కోర్టు కాగితం మీద కేసు నడిపేవాళ్లుగా మన పేరు ఉండదు. అక్కడ రాజ్యం ఉంటుంది. దెబ్బ తిన్న మనిషి పి.డబ్ల్యు.1 అయిపోతాడు, అంటే ప్రాసిక్యూషన్ తరఫు ఒకటో సాక్షి. బోనెక్కి అడిగినదానికి జవాబు చెప్పి దిగిపోవాలి, అంతే. వాడి కష్టాన్ని జడ్జి ముందు పెట్టే నోరు ఇంకొకరిది. ఆ నోరే పబ్లిక్ ప్రాసిక్యూటరు. మన పల్లెల్లో సర్కారు వకీలంటారు.

ఆ నోరు ఎవరిది? ఎవరు పెట్టారు? ఎవరికి జవాబు చెబుతుంది?

ఎఫ్ఐఆర్ కోసం స్టేషను ముందర కూర్చుంటాం. అరెస్టు కోసం రోడ్డు మీద అడ్డం పడుకుంటాం. చార్జిషీటు పడిందనంగానే జెండాలు చుట్టేసి ఇళ్లకు పోతాం. అసలు కత అప్పుడే మొదలవుతుంది. బెయిలు పిటిషన్ వచ్చినరోజు లేచి గట్టిగా అడ్డం చెప్పేది సర్కారు వకీలు. సాక్షిని బోనెక్కించే ముందర వాడి వాఙ్మూలం వాడికి గుర్తుచేసి ధైర్యం చెప్పాల్సింది సర్కారు వకీలు. సాక్షి అడ్డం తిరిగితే వాణ్ణి నిలదీయాల్సిందీ ఆయనే. కేసు కొట్టేస్తే అప్పీలుకు పోవచ్చునని అభిప్రాయం రాయాల్సిందీ ఆయనే. వీటిలో ఒక్కచోట ఆయన "నో అబ్జెక్షన్" అన్నా, నోరు మూసుకొని కూర్చున్నా పదేళ్ల పోరాటం పది నిమిషాల్లో మట్టి అవుతుంది. దానికి లంచమే అక్కర్లేదు. శ్రద్ధ లేకపోతే చాలు.

ఇంకొక సంగతి. ఆయన పని చేతకానివాడేమీ కాదు. మాలమాదిగ పిల్లోడు చిల్లర దొంగతనం కేసులో ముద్దాయిగా నిలబడినరోజు ఆయన వాదన వినండి. మనోడు ముద్దాయి అయితే పులి, మనోడు ఫిర్యాది అయితే పిల్లి. మనం అట్రాసిటీ కేసు పెడితే అవతలోళ్లు ఎదురుకేసు పెడతారు. ఒకే ఊరు, ఒకే కొట్లాట, రెండు కేసులు. ఏ కేసులో ఆయనకు హుషారొస్తుందో గమనిస్తే చాలు, ఆయన ఎవరి వకీలో తెలిసిపోతుంది.

అమెరికాలో ఈ ఉద్యోగానికి ఓట్లున్నాయి. అక్కడ చాలా రాష్ట్రాల్లో జిల్లాకొక సర్కారు వకీలును జనమే ఎన్నుకుంటారు. డిస్ట్రిక్ట్ అటార్నీ అంటారు. కేసు పెట్టాలా వద్దా, ఏ సెక్షన్లు పెట్టాలి, ఎంత శిక్ష అడగాలి అనేది చాలావరకు ఆయన చేతిలోనే ఉంటుంది. 2017లో ఫిలడెల్ఫియాలో లారీ క్రాస్నర్ అనే పౌరహక్కుల న్యాయవాది ఆ పదవికి నిలబడ్డాడు. అంతకుముందు పోలీసుల మీద ఎన్నో కేసులు వేసినోడు. చిన్న నేరాలకు పూచీకత్తు డబ్బు కట్టలేక పేదోళ్లు, నల్లోళ్లు జైల్లో మగ్గడం ఆపుతానని చెప్పి గెలిచాడు. 2021లో మళ్లీ గెలిచాడు. నల్లజాతి పేటల ఓట్లు ఆయనకు కొండంత అండ.

ఇది విని మన కుర్రోళ్లు "మనకు కూడా ఎలక్షన్లు పెడితే పోలే" అంటారు. తొందరపడొద్దు. అదే అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసా బూడిన్ అనే సంస్కరణవాది 2019లో గెలిస్తే, 2022 జూన్‌లో ఓటర్లే గడువు తీరకముందే ఆయన్ను దించేశారు. ఎన్నుకునేవాళ్లలో ఎవరు ఎక్కువో, ఎవరి దగ్గర డబ్బుందో వాళ్ల మాటే నెగ్గుతుంది. 2015లో అక్కడ లెక్క తీస్తే ఎన్నికైన ప్రాసిక్యూటర్లలో నూటికి 95 మంది తెల్లవాళ్లే. ఓటు ఉన్నంత మాత్రాన న్యాయం రాదు.

ఈ పాఠం మనకు అమెరికా చెప్పనక్కర్లేదు. 1932 పూనా ఒప్పందంతో మన ప్రత్యేక ఓటు పోయింది. మన ప్రతినిధిని కూడా ఊరంతా కలిసి ఎన్నుకునే పద్ధతి వచ్చింది. రాజ్యాంగం రాసిన బాబాసాహెబ్ అంబేద్కర్ 1952లో బొంబాయిలో ఓడిపోయాడు, 1954లో భండారాలో ఓడిపోయాడు. ఇక కుప్పంలోనో పుంగనూరులోనో మదనపల్లెలోనో సర్కారు వకీలు పదవికి ఓట్లు పెడితే ఎవరు గెలుస్తారు? ఈ మూడూ జనరల్ సీట్లే. 1989 నుంచి కుప్పానికి చంద్రబాబునాయుడు ఎమ్మెల్యే. 2009 నుంచి పుంగనూరుకు పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి ఎమ్మెల్యే. పార్టీలు వేరు, జెండాలు వేరు. కానీ ఊరి పెత్తనం ఎవరిదో, పల్లెలో కూలి ఎవరిదో రెండుచోట్లా ఒకటే లెక్క. కొట్టినోడి కులం ఓట్లతో గెలిచిన వకీలు కొట్టినోడి మీద వాదిస్తాడా?

అట్లని ఇప్పుడున్న పద్ధతి బాగుందా అంటే అదీ లేదు. ఇప్పుడు జరిగేదీ ఎన్నికే, ఓటర్లు మాత్రం నలుగురే. కలెక్టరు, జిల్లా జడ్జి కలిసి పేర్లు పంపాలని చట్టం. సర్కారు జీవో ఇస్తుంది. నడుమ ఎమ్మెల్యే చెప్పిన మాట, పార్టీ ఆఫీసు చీటీ తిరుగుతుంటాయి. సర్కారు మారితే వకీళ్లు మారతారు. ఇట్లా వచ్చిన మనిషి, ఆ పార్టీ మండల నాయకుడే ముద్దాయి అయినరోజు ఏమి చేస్తాడు? నాయకుల మీద కేసులు ఈ ప్రాసిక్యూటర్ల చేతనే వాపసు తీయించడం దేశమంతా అలవాటైపోయింది. ఎంపీ, ఎమ్మెల్యేల మీది కేసులు హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే ఇదే కారణం.

మరి మన దారి ఏది? మన చేతిలో ఓటు లేదు గానీ చట్టం ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం, 1995లో దానికి రాసిన నియమాలు. అందులో నాలుగో నియమాన్ని ప్రతి పల్లెలో చదివి వినిపించాలి. ప్రతి జిల్లాలో కనీసం ఏడేళ్ల అనుభవమున్న పేరున్న న్యాయవాదుల ప్యానెల్ ఉండాలి. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి కలెక్టరు, ప్రాసిక్యూషన్ అధికారి కూర్చొని స్పెషల్ ప్రాసిక్యూటర్ల పనితీరు చూడాలి. శ్రద్ధగా కేసు నడపనివాణ్ణి సర్కారు తీసేయవచ్చు. అన్నిటికంటే పెద్దది, బాధితులు కోరితే తాము నమ్మిన సీనియరు న్యాయవాదిని కలెక్టరు పెట్టవచ్చు. ఫీజు సర్కారుదే.

అమెరికావాడు వకీలును దించడానికి ఎలక్షన్ పెట్టుకున్నాడు. మన చట్టం మనకు జనవరి, జూలై ఇచ్చింది. ఆ రెండు నెలల్లో కలెక్టరు ఆఫీసు ముందర మనలో ఎంతమంది ఉంటున్నాం?

కోరుకున్న వకీలు వస్తే ఏమవుతుందో చుండూరు చూపించింది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఉద్యమం ఊరుకోలేదు. కోర్టు మా ఊరికే రావాలి అన్నారు, వచ్చింది. మేము నమ్మినవాడే వాదించాలి అన్నారు. బి. చంద్రశేఖర్ స్పెషల్ ప్రాసిక్యూటరు అయ్యాడు. బొజ్జా తారకం వెన్నంటి నిలిచాడు. చంపినోళ్ల ఊళ్లోనే, వాళ్ల కళ్ల ముందే మన ఆడవాళ్లు బోనెక్కి సాక్ష్యం చెప్పారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. పదహారేళ్లు పట్టింది, అయినా పడింది.

2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. "చూశారా, మంచి వకీలుంటే మాత్రం ఏమైంది" అని కొందరంటారు. కారంచేడు చూడండి. 1985 జూలై 17న ఆరుగుర్ని చంపిన ఆ కేసును కూడా హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు వేసింది. పైకోర్టు సాక్షిని చూడదు, కింది కోర్టులో రాసిన కాగితాన్నే చూస్తుంది. కింద కాగితం గట్టిగా ఉంటేనే పైన నిలబడటానికి కాలుంటుంది. ఆ కాగితం రాయించేది సర్కారు వకీలే. అందుకనే పోరు అక్కడ పెట్టాలి. కింద నమ్మకమైనోడు ఉంటే సరిపోదు, పైకోర్టులో సర్కారు తరఫున ఎవరు లేస్తారో అదీ అడగాలి.

ఇక మన మూడు ఊళ్ల సంగతి. కుప్పం గ్రానైటు క్వారీలో రాయి కొట్టే మనిషి చిత్తూరు జిల్లా కోర్టులో సాక్ష్యం చెప్పాలంటే వి.కోట, పలమనేరు మీదుగా పోవాల. ఆ రోజు కూలి పోతుంది. పోయినాక వాయిదా అంటారు. మూడు వాయిదాలకు అప్పు అవుతుంది, నాలుగో వాయిదాకు రాజీ అవుతుంది. మదనపల్లె టమాటా మండీలో గంపలు మోసేవాడికీ, పుంగనూరులో పశువుల కాడ జీతమున్నోడికీ ఇదే బాధ. సాక్షికి దారిఖర్చు, ఆనాటి కూలి ఇవ్వాలని పదకొండో నియమం చెబుతోంది. ఆ మాట సాక్షికి చెప్పాల్సింది ఎవరు? 2022లో జిల్లాలు చీల్చి మదనపల్లెను అన్నమయ్య జిల్లాలో కలిపారు. గీతలు ఎన్నిసార్లు గీసినా ప్రతి జిల్లాలో విజిలెన్సు, మానిటరింగు కమిటీ మూణ్ణెల్లకొకసారి కూర్చోవాలన్న నియమం మారదు. అందులో మనోళ్లు మెంబర్లుగా ఉంటారు. టీ తాగి సంతకం పెట్టి వచ్చేదానికా మెంబరుగిరీ? ఈ ఆరునెలల్లో ఎన్ని కేసుల్లో శిక్ష పడింది, ఎన్ని కొట్టేశారు, ఎన్నిటికి అప్పీలు రాశారు అని అడిగి మినిట్సులో రాయించాల.

ఒక మాట మనలో మనం కూడా చెప్పుకోవాలి. సర్కారు వకీలు పోస్టు ఖాళీ అంటే మన సంఘాలవాళ్లే ఎమ్మెల్యే ఇంటికి దండలు పట్టుకొని పోతున్నారు. మాలోడికి ఇయ్యండని ఒకరు, మాదిగోడికి ఇయ్యండని ఇంకొకరు. మనోడు ఆ కుర్చీలో కూర్చోవాల్సిందే, అది మన హక్కు. అయితే దండ వేయించుకున్న ఎమ్మెల్యేకు మొక్కే మనోడికంటే, బాధితురాలు చేయిపట్టుకొని "ఈయన్నే నాకు కావాల" అన్న మనిషి మేలు. కులం చూసి నమ్మకం మొదలుపెట్టవచ్చు, పని చూసే దాన్ని నిలబెట్టుకోవాలి.

అందుకని ప్రతి పల్లెలో ఈ పనులు పెట్టుకుందాం.

ఒకటి: అట్రాసిటీ కేసు నమోదైన వారంలోనే బాధితుల చేత కలెక్టరుకు అర్జీ పెట్టించాలి. మాకు ఫలానా న్యాయవాది కావాలి అని పేరు రాసి, రసీదు తీసుకోవాలి.

రెండు: 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో 15-ఎ సెక్షన్ ఉంది. బెయిలు సంగతి బాధితులకు ముందే తెలపాలి, వాళ్ల మాట వినాలి. ఇది తప్పనిసరని 2021లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నోటీసు లేకుండా బెయిలిస్తే ఆ రోజే ఎదురు పిటిషన్ వేయించాలి.

మూడు: ప్రతి వాయిదాకు ఇద్దరు చదువుకున్న పిల్లలు కోర్టులో కూర్చొని, వకీలు ఏమడిగాడో, ఏమడగలేదో పుస్తకంలో రాయాలి.

నాలుగు: ఆ పుస్తకం పట్టుకొని జనవరిలో, జూలైలో కలెక్టరు దగ్గరికి పోవాలి. పని చేసినోడికి మెప్పు, చేయనోడిని తీసేయమని అర్జీ.

ఇవి జరగాలంటే జీవో అక్కర్లేదు, ఎమ్మెల్యే చీటీ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, బస్సు చార్జీ, పట్టుదల చాలు. రాజ్యం మన పేరు మీద మాట్లాడుతున్నంతకాలం, ఏమి మాట్లాడుతోందో కూర్చొని వినే హక్కు మనది.

జై భీమ్!